తీపి వద్దన్నవాడు

1945 జూన్. జపాను దక్షిణపు కొస. బాంబు కట్టిన విమానంతో సహా శత్రువు ఓడ మీద పడి చావడానికి బయల్దేరే పైలట్లు, సైన్యం విమానాల మైదానం పక్కన కినూ అనే ఆవిడ నడిపే పూటకూళ్ళ ఇంట్లోనే ఆఖరి ముద్ద తింటారు. వాన వెలిసిన సాయంత్రం.

"అక్కడే ఆగు. గడప దాటకు. ముందు కాళ్ళు చూపించు."

"పిన్నీ, నేనే. సాకిచిని."

"సాకిచి పొద్దున్నే పోయాడు. చేతిగుడ్డ ఊపి మరీ పంపించాను. కాళ్ళు చూపించు."

"బూట్ల నిండా బురద పిన్నీ. లోపలికొచ్చి కడుక్కుని చూపిస్తాను."

"దయ్యాలన్నీ అలాగే అంటాయి. దయ్యానికి కాళ్ళుండవు. అందుకే బూట్లు తొడుక్కొచ్చావు. విప్పు."

"ఇదిగో, ఒకటి. ఇదిగో, రెండోది. చాలా?"

"వేళ్ళు కదుపు."

"కదుపుతున్నాను."

"అబ్బ! ఈ కంపు దయ్యానికి రాదు. నువ్వే. రా లోపలికి. పదింటికల్లా రావలసినవాడివి, ఇంత ఆలస్యమా?"

"ఏంటీ?"

"ఏం లేదు. మళ్ళీ వచ్చావా అంటున్నాను."

"మళ్ళీ వచ్చాను."

"ఇది మూడోసారిరా సాకిచీ."

"నాకు తెలీదా? ఆకలేస్తోంది పిన్నీ. ఏముంది?"

"ఏమీ లేదు. మధ్యాహ్నమే పొయ్యి ఆర్పేశాను. అటు కాదు! అటు చూడకు!"

"అది నా ఫోటో కదూ?"

"కాదు."

"నా ఫోటోయే. బాబాయి పటం పక్కన పెట్టావు. ముందు గిన్నెలో అన్నం. అన్నంలో నిటారుగా గుచ్చిన పుల్లలు. పిన్నీ, అది చచ్చినవాళ్ళకి పెట్టే అన్నం!"

"ఏం చెయ్యమంటావు? విమానం లేచింది, కళ్ళారా చూశాను. మధ్యాహ్నం దాటింది, నువ్వు రాలేదు. నువ్వసలే ఆకలికి ఆగవు. అందుకని త్వరగా పెట్టాను."

"బాబాయి పక్కనెందుకు?"

"ఆయనకి కబుర్లకి ఎవరూ లేరు. నువ్వైతే వాగుతూ ఉంటావని."

"సరే, ఆ గిన్నె ఇలా ఇవ్వు."

"ఛీ ఛీ. చచ్చినవాడి అన్నం బతికినవాడు తింటాడా?"

"చచ్చినవాణ్ణి నేనే కదా పిన్నీ. వాడికేం అభ్యంతరం లేదంటున్నాడు."

"ఆ పుల్లలు ముందు పీకెయ్. చూడలేకపోతున్నాను."

"పీకేశాను. ఊరగాయ ఉందా?"

"చచ్చినా నీ నోరు ఊరుకోదు. ఉంది, ముల్లంగిది. తిను. ఇంతసేపూ ఎక్కడున్నావు?"

"మేజరు గారి ముందు నిలబడి ఉన్నాను. తిట్టడం ఆపితే కదా. మధ్యలో ఆయన భోంచేశారు కూడా. నేను చూశాను."

"నీకు పెట్టలేదా?"

"చచ్చినవాడికి అన్నమేంటన్నారు. అసలు గొడవేంటంటే, మేము లేవగానే పైవాళ్ళకి కబురు పంపేశారట. సాకిచి ఓడని గుద్దాడు, ఓడ మునిగింది అని."

"నువ్వు గుద్దలేదు కదా."

"అదే చెప్పాను. 'అయితే పైవాళ్ళతో నేను అబద్ధం చెప్పానంటావా?' అన్నారు. లేదు సార్ అన్నాను. 'అయితే గుద్దావు.' గుద్దాను సార్. 'మునిగిందా?' మునిగింది సార్. 'మరిక్కడేం చేస్తున్నావు?'"

"దానికేమన్నావు?"

"ఏమంటాను? ఈదుకుంటూ వచ్చాననాలా?"

"పెద్ద ఓడేనా?"

"పెద్దదేనట. మొదటిసారి చిన్నది. రెండోసారి మధ్యరకం. ఇవాళ పెద్దది. ఈ సైన్యం మొత్తం మీద మూడుసార్లు చచ్చి మూడు ఓడలు ముంచినవాణ్ణి నేనొక్కణ్ణే పిన్నీ."

"ఒక్కదాన్నైనా చూశావా?"

"చేపల పడవ ఒకటి చూశాను. చెయ్యి ఊపారు. నేనూ ఊపాను."

"బాంబేం చేశావు?"

"సముద్రంలో వదిలేశాను. ఓ చేపల గుంపు వీరస్వర్గం చేరింది."

"అయ్యో, ఏం చేపలో. ఆ చేపలన్నా పట్టుకురావలసింది."

"ఇంకో సంగతి. చచ్చినవాడికి రెండు మెట్లు పైహోదా ఇస్తారు కదా. పొద్దున్న నేను కెప్టెన్ని పిన్నీ. సాయంత్రానికి మళ్ళీ సెకండ్ లెఫ్టినెంట్ని. బతకడం వల్ల హోదా తగ్గింది."

"ఆ కెప్టెన్ టోపీ ఏమన్నా ఇచ్చారా?"

"ఇవ్వలేదు."

"అయితే పోయిందేముంది?"

"మా ఊళ్ళోనూ అంతే. మొదటిసారి కబురు రాగానే మునసబు గారు మా ఇంటి ముందు స్తంభం పాతించేశారు. 'యుద్ధదేవుడు సాకిచి పుట్టిన ఇల్లు' అని. నేను బతికున్నానని తెలిశాక పీకించడానికి ఆయనకి మనసొప్పలేదట. ఉండనీండి, ఎలాగూ పోతాడుగా అన్నారట."

"మీ అమ్మేమంది?"

"దాని మీద ముల్లంగి ఆరబెడుతోందట. ఎండ బాగా తగులుతుందని రాసింది."

"బుద్ధిమంతురాలు."

"అక్కా! అక్కా! వచ్చాడా మనవాడు? ఓ... లెఫ్టినెంటు గారూ! మీరిక్కడే ఉన్నారా? క్షమించాలి! తప్పంతా నాదే! మెకానిక్కు అన్నవాణ్ణి నేను, ఇంజను ఆగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఇప్పుడే పొట్ట కోసుకుంటాను. అక్కా, కత్తి!"

"ఏ కత్తిరా గెంజో? నాకున్నది ఒకటే. ముల్లంగి తరిగేది. మొద్దు."

"మొద్దయినా పర్లేదక్కా."

"నీకు పర్లేదు. రేపు ముల్లంగి దేంతో తరగను? కూర్చో."

"సరే అక్కా."

"గెంజో గారూ, మీరు మూడోసారి పొట్ట కోసుకుంటున్నారు. పోయినసారి సగంలో టీ తాగడానికి ఆగారు."

"అక్క టీ పెట్టింది లెఫ్టినెంటు గారూ. చల్లారిపోతుందని."

"ఇవాళ ఇంజను నడిసముద్రం దాకా కూడా రాలేదు గెంజో గారూ. ఒడ్డు దాటీ దాటగానే దగ్గింది. తుమ్మింది. ఆగింది. గాలికి తేలుకుంటూ తిరిగొచ్చి మైదానం చివర గుమ్మడితోటలోకి దూసుకుపోయాను. ఇంకో నాలుగు బారలు పోతే కాలవలో పడేవాణ్ణి."

"ఒడ్డు దాటగానేనా? గెంజో! నీ చేతికి కొలతంటూ ఉందా అసలు?"

"నువ్విచ్చిందే వేశానక్కా!"

"ఇచ్చిందంతా వేస్తారట్రా? బిడ్డ కాలవలో పడితే?"

"పిన్నీ, ఏం వెయ్యడం?"

"ఉప్పు. నిన్న చారులో ఉప్పు వెయ్యమన్నాను వీణ్ణి."

"నిన్న చారులో ఉప్పే లేదు కదా."

"అదే చెప్తున్నాను. కొలత లేదని."

"విమానానికి దెబ్బేం తగల్లేదు లెఫ్టినెంటు గారూ. గుమ్మడికాయలే పోయాయి."

"ఆ పగిలిన కాయలు తెచ్చావా గెంజో?"

"బయట పెట్టానక్కా."

"మంచిది. చూశావా సాకిచీ, ఊరికే ఏదీ పోదు."

"పిన్నీ, నాకొచ్చిన కష్టం నీకర్థం కావట్లేదు. బయల్దేరేముందు జుట్టూ గోళ్ళూ కత్తిరించి పెట్టెలో పెట్టాలి కదా, ఇంటికి పంపడానికి. మొదటిసారి పెట్టాను. రెండోసారి కాలిగోళ్ళు పెట్టాను. ఇవాళ పొద్దున్న ఏమీ దొరకలేదు. తలేమో గుండు. చేతులు చూడు, చర్మం దాకా తీసేశాను."

"మరి పెట్టెలో ఏం పెట్టావు?"

"చెప్పను."

"సాకిచీ."

"పళ్ళు తోముకునే కుంచె వెంట్రుకలు."

"మీ అమ్మ కడుపు మాడ!"

"గుర్రపు వెంట్రుకలేలే పిన్నీ, మంచివే. చావుకి ముందు రాసిపెట్టే పద్యం సంగతి ఇంకా ఘోరం. మొదటిసారి చెర్రీ పువ్వులా రాలిపోతానని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. రెండోసారీ చెర్రీ పువ్వే. ఇవాళ మేజరు గారు కాయితం నా మొహం మీద కొట్టి, 'పువ్వులు పోయి రెండు నెలలైంది, కాలానికి తగ్గట్టు రాయి' అన్నారు."

"రాశావా?"

"రాశాను. ఈ వానల్లో గుమ్మడితీగకి పూసిన పువ్వులా రాలిపోతానని."

"పోయి గుమ్మడితోటలోనే దిగారు కదా లెఫ్టినెంటు గారూ!"

"నవ్వకండి గెంజో గారూ."

"నవ్వట్లేదు. దగ్గొచ్చింది."

"నన్నొకటి అడగనివ్వు సాకిచీ. అసలు నిన్నెవరు పొమ్మన్నారు? నీ అంతట నువ్వే ఒప్పుకున్నావట కదా."

"అదా. అందర్నీ వరసలో నిలబెట్టారు. ఇష్టం లేనివాళ్ళు ఒకడుగు ముందుకి రమ్మన్నారు."

"నువ్వు రాలేదు."

"రాత్రంతా వాన పిన్నీ. బూట్లు బురదలో కూరుకుపోయాయి. పీక్కుంటూ ఉండగానే, 'శభాష్, ఒక్కడూ కదల్లేదు' అనేశారు."

"బురదా!"

"మా పక్కవాడిదీ అంతేనేమో. ఎవరూ ఎవర్నీ అడగం. అడగకూడదు."

"బురద లేకపోతే కదిలేవాడివా?"

"ముల్లంగి ఇంకో ముక్క వెయ్యి పిన్నీ."

"సరేలే. తిను. ఇంకాస్త పెట్టనా?"

"తీపేమన్నా ఉందా పిన్నీ?"

"మొదలెట్టాడు."

"మొదలెట్టక? పోయేవాళ్ళ కోసమని సైన్యం నీకు పంచదార ఇస్తుంది. దాంతో ఒహగి చేస్తావు. అన్నం ఉండల చుట్టూ ఎర్రగింజల పూర్ణం. ఇవాళ కూడా అందరూ కళ్ళు మూసుకుని మరీ తిన్నారు. నాది మాత్రం చప్పగా గోడకి రాసే మట్టిలా ఉంది. మూడుసార్లూ అంతే!"

"నువ్వే కదురా మొదటిరోజు తీపి పడదన్నావు. 'నాకొద్దు పిన్నీ, నాది వాళ్ళకి వెయ్యి' అన్నావు. అందుకే నీ వాటా పంచదార పక్కన పెట్టేశాను."

"మొహమాటానికన్నాను పిన్నీ! మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారు. నువ్వు రెండోసారి అడగాలి. అప్పుడు నేను మళ్ళీ వద్దంటాను. నువ్వు బలవంతంగా వడ్డించాలి. ఎక్కడైనా పద్ధతి అదే కదా!"

"నాకలాంటివి తెలీవు. మాది సముద్రపొడ్డు. వద్దంటే వద్దు. అడిగితే పెడతాం. రెండోసారి అడగం."

"మీ ఊళ్ళో పెళ్ళివిందుల్లో జనం ఆకలికి చచ్చిపోతారా?"

"మా ఊళ్ళో ఎవరూ వద్దనరు."

"పోనీ, బాబాయి పటం ముందున్న ఆ బెల్లం ముక్కలో కొంచెం..."

"చెయ్యి తియ్!"

"అబ్బా! గరిటెతో కొడతావేంటి?"

"అది మీ బాబాయిది. అమామి దీవి నుంచి పడవలో తెచ్చుకున్నాడు. ఆయన పోయినప్పటి నుంచీ అక్కడే ఉంది. రోజూ మూత తీసి ఆయనకి చూపించి మళ్ళీ మూత పెడతాను. మిలిటరీ పోలీసు అడిగినా ఇవ్వలేదు. వాణ్ణీ ఇదే గరిటెతో కొట్టాను."

"నిజమే లెఫ్టినెంటు గారూ. వాడికి నుదుటి మీద ఇప్పటికీ మచ్చ ఉంది."

"సరే, వదిలెయ్. ఇదే నా ఆఖరి సాయంత్రం, అయినా గరిటెతో కొట్టావు, గుర్తుంచుకుంటాను."

"ఆఖరిదేంటి? ఇంకా రెండు మూడు రోజులు ఇంజను విప్పి చూడాలి కదా?"

"లేదు పిన్నీ. రేపు పొద్దున్నే పొమ్మన్నారు. మాతోటి పైలట్ రొకురోతో కలిసి."

"రేపా? గెంజో, రేపటికి ఇంజను సిద్ధమవుతుందా?"

"గొట్టాలు కడిగేశానక్కా. కడక్కపోతే మేజరు గారు ఊరుకోరు. శుభ్రంగా ఉంది. పాడు ఇంజను, చాలా బాగా తిరుగుతోంది."

"అదేంటి గెంజో గారూ, ఏడుస్తూ చెప్తారు?"

"ఆనందం లెఫ్టినెంటు గారూ."

"ఈసారి కూడా తిరిగొస్తే నన్నేం చేస్తారో చెప్పారు మేజరు గారు. తిరిగొచ్చిన వాళ్ళని పెట్టడానికి ఎక్కడో ఒక బంగళా ఉందట. బయట కాపలా. లోపల రోజంతా నేల మీద కూర్చుని చక్రవర్తి గారి ఆజ్ఞ కాపీ రాయాలట, కుంచెతో. యుద్ధం అయ్యేదాకా అదే పని."

"యుద్ధం అయ్యేదాకానా? మళ్ళీ విమానం ఎక్కనివ్వరా?"

"ఎక్కనివ్వరు. నాలుగుసార్లు తిరిగొచ్చినవాడికి విమానం ఇస్తే సైన్యం పరువేం కాను?"

"అన్నం పెడతారా?"

"పెడతారేమో."

"ఇల్లు కారుతుందా?"

"నాకేం తెలుసు పిన్నీ? అది శిక్ష! అందరి ముందూ తలెత్తుకోలేను!"

"తల దించుకునే రాయాలి కదా. మంచిదే. నీ దస్తూరి కోడి గీకినట్టుంటుంది. కాస్త సాధనవుతుంది. గెంజో, విన్నావా?"

"విన్నానక్కా. ఇంకొక్కసారి."

"ఇంకొక్కసారి ఏంటి గెంజో గారూ?"

"అంటే... ఇంకొక్కసారి క్షమించండి అంటున్నాను."

"సరే, రేపటికి ఇద్దరి పంచదార ఇలా ఇవ్వు గెంజో. డబ్బాలో పోస్తాను."

"అక్కా..."

"ఏంటి నసుగుతావు?"

"ఒక్కడిదే ఇచ్చాడక్కా. రొకురోది. లెఫ్టినెంటు గారిది ఇవ్వనన్నాడు స్టోరు సార్జంటు. 'సాకిచి వాటా ఇప్పటికే మూడుసార్లు తీసుకెళ్ళావు. ఒక మనిషికి ఒక్క చావుకే పంచదార. వాడు చచ్చినప్పుడల్లా ఇవ్వడానికి ఇదేమన్నా మిఠాయికొట్టా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"పొట్ట కోసుకుంటానన్నాను. కోసుకో, పంచదార మాత్రం లేదన్నాడు."

"చేతకానివాడా! ఏడవలేకపోయావా? కాళ్ళు పట్టుకోలేకపోయావా?"

"పట్టుకున్నానక్కా. తన్నాడు."

"అయ్యో, అయ్యో... ఇప్పుడెలారా? రేపు పొద్దున్నకి ఎక్కణ్ణించి తేను?"

"పిన్నీ, పంచదార కోసం ఏడుపేంటి? ఎలాగూ నాకు వెయ్యవు కదా."

"నువ్వు నోరు ముయ్యి!"

"మూస్తాను కానీ, ఒక్కటి చెప్పి మూస్తాను. చీమల సంగతి."

"ఏ చీమలు?"

"నా విమానం మీది చీమలు. పెట్రోలు మూత చుట్టూ. రెక్క మీంచి బారులు తీరి ఎక్కుతున్నాయి."

"చీమలకి మాత్రం దేశభక్తి ఉండదా లెఫ్టినెంటు గారూ?"

"నా ఒక్కడి విమానం మీదేనా గెంజో గారూ? పక్కనే పన్నెండు విమానాలున్నాయి. వాటి మీద ఒక్క చీమ లేదు. వాటి మీద ఈగలు కూడా వాలవు."

"చెట్ల కింద పెడతాం కదా. ఎక్కుతాయి. చెట్టు అన్నాక..."

"ఇవాళ మేజరు గారు చూశారు."

"ఆ? చూ... చూశారా? అక్కా, ఆ కత్తి..."

"కూర్చో గెంజో. సాకిచీ, ఏమన్నాడు మేజరు?"

"'నువ్వు వ్యవసాయ కాలేజీలో పురుగుల చదువు చదివావు కదా. ఏంటివి?' అన్నారు."

"నువ్వేం చెప్పావు?"

"దక్షిణాది పెట్రోలు చీమ సార్, అన్నాను."

"ఏం చీమ?"

"పెట్రోలు చీమ. వానలకి పుట్టలోకి నీళ్ళొస్తే పెట్రోలు వాసన వెతుక్కుంటూ పోతుంది. చాలా అరుదు. ఒక విమానాన్ని ఎంచుకుందంటే ఇక దాన్ని వదలదు. అలా చెప్పుకుంటూ పోయాను. చెప్తుంటే నాకే ఆసక్తి పుట్టింది."

"నమ్మాడా?"

"దానికి విదేశాల్లో ఏం పేరని అడిగారు. ఆయన ఇంటిపేరు చివర 'ఉస్' తగిలించి చెప్పాను. మురిసిపోయారు. తిట్టడం అప్పుడే ఆపారు. అరుదైన జీవి కాబట్టి పెట్రోలు మూతల దగ్గరికి గెంజో గారు తప్ప ఎవరూ పోకూడదని ఉత్తర్వు కూడా వేశారు."

"నేను తప్పా?"

"మీరు తప్ప."

"సాకిచీ... అలాంటి చీమ నిజంగా ఉందా?"

"లేదు పిన్నీ."

"లేదా?"

"లేదు. అవి మామూలు చీమలు. నీ వంటింట్లో తిరిగేవి. వాటికి పెట్రోలు వాసనంటే గిట్టదు. అంత కంపు భరించి కూడా మూత దాకా ఎక్కుతున్నాయంటే, దాని చుట్టూ ఏం ఒలికిందో చెప్పడానికి కాలేజీ చదువు కూడా అక్కర్లేదు."

"గెంజో, ఆ తలుపు వెయ్యి!"

"పెట్రోల్లో వేసేటప్పుడు గెంజో గారు కొంచెం ఒలకబోస్తారు. చెయ్యి వణుకుతుందనుకుంటాను."

"వణకదా లెఫ్టినెంటు గారూ! తెలిస్తే మా ఇద్దరి తలలూ... క్షమించండి. మీ పరువు తీశాను."

"ఎప్పణ్ణించి తెలుసురా నీకు?"

"రెండోసారి నుంచి."

"తెలిసీ చప్పగా ఉంది, చప్పగా ఉందని నా ప్రాణం తీశావా?"

"నిజంగానే చప్పగా ఉంది కదా పిన్నీ."

"మరి తెలుసని ఎందుకు చెప్పలేదు?"

"మొహమాటం."

"మొహమాటమా!"

"తెలుసని చెప్తే, వద్దు అనాలి నేను. సైనికుణ్ణి కదా, అనకపోతే బాగోదు. వద్దంటే నువ్వు రెండోసారి అడగవు. మీ ఊరి పద్ధతి తెలుసు కదా. అందుకని నోరు మూసుకున్నాను."

"పిచ్చివెధవా."

"ముక్కు నా చొక్కాకి తుడవకు పిన్నీ. రేపు వేసుకోవాలి."

"రేపేనా దేవుడా. పంచదార ఒక్కడిదే ఉంది."

"ఉంది కదా ఒక్కడిది. రొకురోది. వాడి విమానం కూడా గెంజో గారి చెట్ల కిందే ఉంది."

"ఏమంటున్నావు నువ్వు?"

"వాడి పెళ్ళానికి నెలలు నిండుతున్నాయి పిన్నీ. రాత్రుళ్ళు నిద్రలో పేర్లు కలవరిస్తాడు. అబ్బాయి పేర్లు అయిపోయాయి, ఇప్పుడు అమ్మాయి పేర్లలో ఉన్నాడు. పక్కన పడుకునేది నేను. నాకు నిద్ర ఉండట్లేదు."

"వాడికి చెప్పావా?"

"ఏమీ చెప్పలేదు. రేపు పొద్దున్న ఒహగి పెట్టినప్పుడు తీపి పడదని అను, పెద్దవాళ్ళ ముందు అది మర్యాద, అని మాత్రం చెప్పాను. వాడు మంచివాడు, అలాగే అంటాడు. నువ్వు మాత్రం రెండోసారి అడగకు."

"మరి నువ్వు?"

"నాదేముంది. నాది కూడా చప్పగానే ఉంటుంది, అలవాటైపోయింది."

"నేనడిగేది అది కాదు సాకిచీ. బంగళా?"

"నా దస్తూరి ఎంత రాసినా బాగుపడదులే పిన్నీ. వస్తాను. బూట్లు ఏవి?"

"కూర్చో."

"చీకటి పడుతోంది. పద్యం రాసుకోవాలి. ఈసారి దేని మీద రాయాలో కూడా..."

"కూర్చోమన్నానా! గెంజో."

"అక్కా."

"రెండు విమానాలు ఒక్కసారే దగ్గితే ఏం చెప్తావు?"

"వానాకాలం అంటానక్కా. చెమ్మ. ఇంకా అడిగితే పెట్రోలు చీమ పిల్లలు పెట్టిందంటాను."

"ఈసారి చేతికి కొలత ఉండాలి. ఒడ్డు దగ్గర కాదు, కాలవ దగ్గర కాదు. లేవాలి, కాస్త దూరం పోవాలి, క్షేమంగా తిరిగి రావాలి."

"నువ్వు కొలిచి ఇవ్వక్కా. నేను చిటికెడు కూడా ఒలకబొయ్యను."

"అయితే ఆ రోలు ఇటు జరుపు. పటం ముందున్న బెల్లం దించు."

"పిన్నీ! అది బాబాయిది!"

"మీ బాబాయికి కూడా ఇవాళ్టి నుంచి తీపి పడదట. నేను రెండోసారి అడగను."